పక్క గదిలో చదవాల్సిన ప్రార్థన

అరిజోనాలో నేను క్రిస్టియన్‌నంటే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. డెబ్భైల చివరి మాట ఇది. మా ఆయనకు చాండ్లర్ దగ్గర కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు అక్కడికి కాస్త దూరంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సు పని. చాండ్లర్ అప్పటికింకా పత్తిచేల ఊరే. పాస్‌పోర్టులో నా పేరు అచ్చమైన హిందూ దేవత పేరు. డిసెంబర్ వచ్చిందంటే మా సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, "హాల్లో క్రిస్మస్ ట్రీ పెడుతున్నాం, నీకేం ఇబ్బంది లేదుగా?" అని ఎంతో మర్యాదగా అడిగేది. మా తాత ఎండలో చెప్పుల్లేకుండా ఊరూరా తిరిగి సువార్త చెప్పినవాడు. ఆయన మనవరాలిని పట్టుకుని ఈ ప్రశ్న. నాకు ఒళ్లు మండేది. అయినా "లేదు మేడమ్" అని నవ్వి ఊరుకునేదాన్ని.

ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే మా ఇళ్ల సంగతి చెప్పాలి. గుంటూరు వైపు మాలాంటి వాళ్ల ఇళ్లలో మనిషికి రెండు పేర్లుండేవి. చర్చిలో ఒకటి, బళ్లో ఒకటి. బళ్లో పేరు పక్కన హిందూ అని రాయించకపోతే సీటు రాదు, స్కాలర్‌షిప్పు రాదు, ఉద్యోగం అసలే రాదు. మతం మారినంత మాత్రాన మమ్మల్ని ఊరి బయట ఉంచినవాళ్లు లోపలికి పిలవలేదు. ప్రభుత్వం మాత్రం, మారారు కదా, ఇక మీకు కష్టాలేం ఉంటాయి అంది. అందుకని మా నాన్న అవసరం పడినప్పుడల్లా తాలూకా ఆఫీసుకి వెళ్లి, నోటితో హిందూ అని చెప్పి, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా మోకాళ్ల మీద కూర్చునేవాడు. అమ్మ అన్నం వడ్డించి ఎదురుచూసేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఈ సంగతి మేం బయట ఎక్కడా ఎత్తేవాళ్లం కాదు.

మా ఆశ్రమంలో ఉండే ఒక జపాను ముసలావిడ కథ నాకు వెంటనే అర్థమైందంటే కారణం అదే.

ఆవిడది మూల గది. ఎనభై దాటిన మనిషి, గుప్పెడంత ఉండేది. చేతులు మాత్రం ఒంటికి పొంతన లేకుండా పెద్దవి, పొలం పనికి కాయలు కాసినవి. ఫీనిక్స్‌కి దక్షిణంగా కొండల కింద జపాను వాళ్ల పూల తోటలుండేవి. వాటిలో ఒకటి వాళ్లది. కొడుకు యాభై దాటినవాడు, తోట చూసుకునేవాడు. ప్రతి ఆదివారం పూలు తెచ్చి, పాతవి తీసి, కొత్తవి పెట్టి, తల్లి చేయి పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఇంతకన్నా మంచి కొడుకుని నేను ఆ ఆశ్రమంలో చూడలేదు. ఊళ్లో జపాను వాళ్ల బౌద్ధ మందిరానికి అతనే పెద్ద. ఆవిడ చార్టులో మతం దగ్గర బౌద్ధం అని ఉండేది, మంచం పక్కన జపమాల వేలాడుతూ ఉండేది. ఎవరికీ అనుమానం రావడానికి ఏమీ లేదు.

నాకొక అలవాటు ఉంది. నాడి చూసేటప్పుడు, వేళ్లు రోగి మణికట్టు మీద పెట్టి, కళ్లు గడియారం మీద ఉంచి, లోపల ఒక చిన్న ప్రార్థన చేసుకుంటాను. పెదాలు కదలవు. హాస్టల్లో హిందూ పేరుతో ఉండగా అబ్బిన అలవాటు. ఇన్నేళ్లలో డాక్టర్లు, తోటి నర్సులు, మా ఆయనతో సహా ఎవరూ కనిపెట్టలేదు. ఆవిడ మూడో వారానికే కనిపెట్టేసింది.

"నర్స్ సాన్, నువ్వు కూడా దాచుకుంటావా?" అంది. సాన్ అంటే మన గారు లాంటిది.

"ఏమిటి దాచుకునేది?" అన్నాను.

"ప్రార్థన. నాడి లెక్కపెట్టేవాళ్లు ఊపిరి మామూలుగా తీస్తారు. నువ్వు ఆపుతావు."

ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, నా ఇంగ్లీషు అంతకన్నా గొప్పదేం కాదు. ఇద్దరం అందులోనే ఈదేవాళ్లం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఒక్కో వాక్యానికి ఎంత కుస్తీ పట్టామో మాకే తెలుసు. ఆ రోజు నేను తలుపు దగ్గరగా వేసి, ఔను, నేను క్రిస్టియన్‌ని అని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "నేను కూడా," అంది.

ఆ తర్వాత కొన్ని నెలల పాటు, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, ఆవిడ నాకు తన వాళ్ల చరిత్ర చెప్పింది. పుస్తకం చదివి చెప్పిన చరిత్ర కాదు, వంటింటి చరిత్ర. నాలుగు వందల ఏళ్ల కిందట జపానుకు ఓడల్లో తెల్ల పాదిరీలు వచ్చారట. దొరలు బాప్తిస్మం తీసుకున్నారు, దొరల వెనకాల ఊళ్లు తీసుకున్నాయి. తర్వాత దేశమేలే పెద్ద దొరకు, వీళ్ల వెనక పరాయి రాజులొస్తారని భయం పుట్టింది. పాదిరీలను తరిమేశారు, మిగిలినవాళ్లను సిలువ వేశారు, కాల్చారు, తలకిందులుగా గోతుల్లో వేలాడదీశారు. ప్రతి ఏడాదీ ఊరందరినీ వరసలో నిలబెట్టి, మరియమ్మ బొమ్మో ఏసు బొమ్మో నేల మీద పెట్టి, తొక్కమనేవారు. తొక్కినవాడు బతికాడు.

"మీవాళ్లు తొక్కారా?" అన్నాను.

"తొక్కారు కాబట్టే నేను పుట్టాను," అంది. "ఇంటికి వచ్చి పాదాలు కడుక్కునేవాళ్లు. క్షమించమని ఒక ప్రార్థన ఉండేది, అది చదివేవాళ్లు."

నా నోరు ఊరుకోదు. "మా వైపు ఒక సామెత ఉంది, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని," అన్నాను.

ఆవిడకు అది విడమరిచి చెప్పడానికి నా తలప్రాణం తోకకు వచ్చింది. విని, కోపం తెచ్చుకోకుండా, "ఆ సామెత పుట్టించినవాడికి పక్కన దారి ఉండి ఉంటుంది," అంది. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మళ్లీ ఆ సామెత నేను ఎవరితోనూ అనలేదు.

అలా రెండు వందల ఏళ్ల పైన గడిచిందట. పాదిరీ లేడు, బైబిలు లేదు, గుడి లేదు. ఒడిలో బిడ్డను పెట్టుకున్న బౌద్ధ దేవత బొమ్మను అలమారలో పెట్టి, లోపల మరియమ్మ అనుకునేవాళ్లు. ప్రార్థనలు నోటి నుంచి చెవికి, చెవి నుంచి మనసుకు. సగం లాటిన్, సగం పోర్చుగీసు, అరిగి అరిగి ఏ భాషా కాకుండా పోయినవి. వాటి అర్థం ఎవరికీ తెలియదు. ఒరషో అనేవాళ్లు వాటిని. రాయకూడదు, బయటివాళ్ల ముందు పలకకూడదు, అసలు గొంతు ఎత్తకూడదు. పెదాలు కదపకుండా చదివేవాడే గొప్ప.

చివరికి నిషేధం పోయింది, తెల్ల పాదిరీలు మళ్లీ వచ్చారు. చాలామంది ఏడ్చుకుంటూ వెళ్లి వాళ్లలో కలిశారు. ఆవిడ తాతలు కలవలేదు. కొత్త పాదిరీ అలమారలో బొమ్మలు పారేయమన్నాడట, ప్రార్థనల్లో తప్పులున్నాయన్నాడట, బాప్తిస్మం మళ్లీ తీసుకోమన్నాడట.

"అంటే మా ముత్తాతలు ఊరికే చచ్చిపోయారా?" అంది ఆవిడ. ఎవరో నిన్న అన్న మాటకు తగువు పడుతున్నట్టు అంది.

ఆవిడ నాన్న ఊళ్లో ప్రార్థనలు తెలిసిన పెద్ద. అవి మగపిల్లలకే నేర్పాలని నియమం. ఉన్న ఒక్క కొడుకూ సముద్రంలో పోయాడు. నాన్న ఏడాది ఆగి, ఎవరికీ చెప్పకుండా కూతురికి నేర్పాడు. పద్దెనిమిది నిండీ నిండకుండానే ఆవిడ, ఫోటోలో తప్ప చూడని ఒక మొగుడి కోసం ఓడెక్కి అమెరికా వచ్చింది. ఆ మొగుడు బౌద్ధుడు. పొద్దున లేస్తే ఇంట్లో పూజామందిరం ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని బుద్ధుడి పేరు పైకి చదవాలి. ఆవిడా చదివింది. అరవై ఏళ్లు చదివింది. లోపల తనది తను చదువుకుంది.

"క్రైస్తవ దేశం వచ్చావు కదా, ఇక్కడైనా బయటికి చెప్పుకోవచ్చుగా?" అన్నాను.

ఒకసారి చెప్పుకుందట. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఇక్కడి జపాను వాళ్లందరినీ శత్రువులని ఎడారిలో క్యాంపులో పెట్టినప్పుడు, అక్కడ ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, జపానువాడే, ఆదివారాలు ఆరాధన జరిపేవాడు. ఆవిడ ధైర్యం చేసి అతని దగ్గరికి వెళ్లి, నాకూ ఒక ప్రార్థన వచ్చు అంది. అతను మంచివాడే. ఏదీ, మొదటి మాట చెప్పమన్నాడు. చెప్పింది. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత క్షమించమన్నాడు, కొత్త నిబంధన చేతిలో పెట్టాడు, కానీ ముందు నవ్వాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి. ఆ తర్వాత ఆవిడ నోరు విప్పలేదు.

అదే క్యాంపులో పెద్దకొడుకుకి నేర్పాలనుకుంది. బారకాసు షెడ్ల గోడలు పైదాకా ఉండేవి కావట, పక్క కుటుంబంవాళ్లు దగ్గితే వినిపించేది. గోడకు చెవులుంటాయంటాం, అక్కడ గోడే సరిగా లేదు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటుండగానే వాడు అమెరికా సైన్యంలో చేరి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. రెండోవాడు, ఈ పూలు తెచ్చేవాడు, అప్పటికే మందిరంలో పిల్లలకు పాటలు నేర్పేవాడు. వాడి మొహం చూసి ఊరుకున్నానంది.

ఇదంతా ఆవిడ నాకు ఊరికే చెప్పలేదు. అక్టోబరులో అసలు సంగతి బయటపెట్టింది.

వాళ్ల ఊళ్లో, నిషేధం ఉన్న కాలంలో, ఎవరు పోయినా బౌద్ధ గురువే వచ్చి సూత్రాలు చదవాలని ప్రభుత్వ శాసనం. కాదంటే తలలు పోతాయి. అందుకని శవం ముందు గురువు కూర్చుని చదువుతుంటే, పక్క గదిలో, తలుపు మూసి, తెలిసినవాడొకడు కూర్చుని లోలోపల ఇంకొక ప్రార్థన చదివేవాడు. అది ఈ సూత్రాలను చెరిపే ప్రార్థన. ఇక్కడ ఒక మాట పడితే అక్కడ ఒక మాట దాన్ని తుడిచేస్తుంది. చనిపోయిన మనిషి ఆత్మ, తనకేమీ అంటకుండా, తన దారిన తను వెళ్లిపోతుంది.

"చెరపకపోతే?" అన్నాను.

"మావాళ్లు ఉన్నచోటికి వెళ్లలేను," అంది. "నా కొడుకు నాకు మందిరంలోనే చేస్తాడు. వద్దని చెప్పను. వాళ్ల అన్నం అరవై ఏళ్లు తిన్నాను, నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ మా నాన్న దగ్గరికి వెళ్లాలి. పక్క గదిలో నువ్వు కూర్చోవాలి."

"నేనే ఎందుకు?"

"నీ పెదాలు కదలవు."

ఒప్పుకున్నాను. ఇలాంటి మాటకు కాదనేవాళ్లుంటారా? అయితే ఇప్పుడే మొదలుపెడదాం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల దుఃఖకాలంలోనే అవి నేర్పాలట. మిగతా రోజుల్లో నేర్పితే ప్రార్థన చచ్చిపోతుందట. అంటే మా లెంట్ రోజులే. అవి ఫిబ్రవరిలో గానీ రావు.

నేను నర్సుని. ఆవిడ బీపీ ఎంతుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో రోజూ రాసేదాన్ని నేనే. ఫిబ్రవరి అనగానే నాలుగు నెలలని వేళ్ల మీద లెక్కపెట్టాను. "అంతదాకా ఆగడం మంచిది కాదమ్మా, సగమైనా ఇప్పుడు నేర్పు," అని బతిమాలాను. కోప్పడ్డాను. దేవుడికి క్యాలెండర్ ఏమిటన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు కూర్చుంది.

"ఆడపిల్లకు నేర్పి మా నాన్న ఒక నియమం తప్పాడు. ఇంకోటి నేను తప్పను. రెండు తప్పితే ఇక ఏం మిగిలింది, నా సొంత పాట అవుతుంది," అంది.

మా ఆయనకు చెప్పుకోవచ్చా అని అడిగితే చెప్పమంది, మొగుడికి చెప్పని మాట కడుపులో కుళ్లుతుందట. నీ మొగుడికి నువ్వు చెప్పావా అంటే నవ్వేసింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇంటికి వెళ్లి చెబితే మా ఆయన అన్నం కలుపుతూ విని, "టేప్ రికార్డర్ తీసుకెళ్లు. రికార్డ్ చేసేసుకుంటే నీకు టెన్షన్ ఉండదు," అన్నాడు.

"ఒప్పుకోదండీ. టేపైతే ఎవరైనా వింటారంటుంది."

"పోనీ మన ప్రార్థన కూటం రోజున పాస్టర్‌గారిని అడుగుదాం. ఆయనొచ్చి ఏసు నామంలో ఒక్క ప్రేయర్ చేస్తే సరిపోదూ? అర్థం తెలియని దానికోసం ఇంత హైరానా ఏంటే?"

"ఆవిడ నన్నడిగింది, పాస్టర్‌గారిని కాదు," అన్నాను. ఆయన పెరుగు ఇటు జరపమన్నాడు.

నవంబరు గడిచింది, డిసెంబరు గడిచింది. హాల్లో చెట్టు పెట్టారు, సూపర్‌వైజర్ నన్ను మళ్లీ అడిగింది, నేను మళ్లీ నవ్వాను. ఆవిడకు పొద్దునా సాయంత్రం మాత్రలు నా చేత్తో నేనే వేసేదాన్ని. ఉప్పు తగ్గించమని వంటవాళ్లతో పోట్లాడేదాన్ని. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద, లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నాను. పరీక్ష రాయబోయే పిల్లలా భయంగా, ఆశగా ఉండేది. ఆ వయసులో నాకు ఇంకా ఆశ అనేది ఉండేది మరి.

జనవరి చివర్లో పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. నా సెలవు రోజున జరిగింది. నేను ఉన్నా ఆగేది కాదని నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి తిరిగి తీసుకొచ్చాక చూస్తే కళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. మనుషుల్ని గుర్తుపడుతోంది. మాట కోసం లోపల వెతుక్కుంటోంది, దొరకడం లేదు.

అయినా నేను పూర్తిగా ఆశ వదులుకోలేదు. పక్షవాతంతో మాట పోయినవాళ్లను చాలామందిని చూశాను. సొంత పేరు చెప్పలేనివాడు కూడా, చిన్నప్పటి నుంచి అలవాటైన పాట గానీ ప్రార్థన గానీ ఎవరైనా అందిస్తే గడగడా చెప్పేస్తాడు. ఆశ్రమంలోనే ఒక తెల్ల ముసలాయన, మంచినీళ్లు అనే మాట రానివాడు, ఏసు నేర్పిన పరలోక ప్రార్థన మాత్రం ఆమెన్ దాకా చెప్పేవాడు. ఏళ్ల తరబడి పలికినవి మెదడులో వేరే చోట ఉంటాయంటారు డాక్టర్లు. మరి ఈవిడ డెబ్భై ఏళ్లుగా రోజూ చదివింది కదా అనుకున్నాను.

భస్మ బుధవారం నాడు డ్యూటీ దిగాక ఆవిడ గదికి వెళ్లి తలుపు వేశాను. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, చేయి పట్టుకుని, "దుఃఖకాలం వచ్చింది, ఈ రోజే," అన్నాను. అర్థమైంది. కళ్లలో అర్థమైనట్టు కనిపించింది. ఆవిడ నాకు ఒక్క మాట కూడా ముందుగా చెప్పలేదు గానీ, అందులో మరియమ్మ పేరుందని మాత్రం తెలుసు. అందుకని "మరియ," అని అందించాను.

ఆవిడ నోరు తెరిచింది. పెదవి ఒక పక్కకు వంకరపోయింది. గొంతులో ఏదో కదిలింది. తర్వాత స్పష్టంగా, తడబడకుండా, పక్షవాతం రానే రానట్టుగా వచ్చింది.

"నము అమిద బుత్సు. నము అమిద బుత్సు. నము అమిద బుత్సు."

అది బుద్ధుడి పేరు. అరవై ఏళ్లు పొద్దునే మొగుడి పక్కన కూర్చుని పైకి చదివింది. నోటికి తెలిసింది అదే. రెండోది ఎన్నడూ నోటిదాకా రాలేదు, రానివ్వలేదు. పెదాలు కదపకుండా చదివేవాడే గొప్ప అన్నారు, కదపలేదు. లోపల దాచినదాన్ని బయటికి తెచ్చే దారి ఆవిడ ఒంట్లో ఎక్కడా లేదు.

తన గొంతు తనే విని ఆవిడ ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే. మూడోసారి మొదలవగానే ఎడమ చేత్తో నోరు మూసుకుంది. కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. నేను ఆ చేయి తీసి, నుదురు నిమిరి, ఫరవాలేదు, రేపు చూద్దాం అన్నాను. ఎంతమందికి చెప్పానో ఆ మాట. అంత పనికిరాని మాట ఇంకోటి లేదు.

రోజూ వెళ్లాను. ఒకరోజు ఊరికే పక్కన కూర్చున్నాను. ఒకరోజు ఆవిడ ఊరి గురించి, నాన్న గురించి, తను చెప్పిన మాటలే తిరిగి చెప్పాను. ఒకరోజు మా కీర్తన ఒకటి తెలుగులో మెల్లగా పాడాను, రాగం పట్టుకుని ఏదైనా వస్తుందేమోనని. ఏం చేసినా వచ్చింది ఒక్కటే. మట్టల ఆదివారం వచ్చింది, గుడ్ ఫ్రైడే వచ్చింది. ఈస్టర్ నాడు మా తెలుగు కుటుంబాలన్నీ ఒక ఇంట్లో చేరి ఆరాధన, భోజనాలు పెట్టుకున్నాయి. నేను బిర్యానీ గిన్నె దగ్గర నిలబడి వడ్డిస్తూ, గడువు అయిపోయింది అనుకున్నాను. ఎవరో ఆంటీ, ఏమ్మా అలా ఉన్నావు, క్రీస్తు లేచాడు కదా అన్నారు. లేచాడాంటీ అన్నాను.

వృద్ధాశ్రమంలో మాత్రం అందరికీ సంతోషమే. మాట పోయిన మనిషి అంత తియ్యగా జపం చేస్తుంటే ఆయాలు గుమ్మంలో నిలబడి వినేవాళ్లు. కొడుకైతే ఆదివారం పూలు పట్టుకుని వచ్చి, తల్లి నోటి నుంచి ఆ పేరు విని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. తనూ కలిసి చదివాడు. ఆవిడ కొడుకు మొహం చూస్తూ చదువుతూనే ఉంది. ఆపడం ఆవిడ చేతిలో లేదు. నేను బీపీ పట్టీ చేత్తో పట్టుకుని నిలబడి చూస్తున్నాను. నిజం చెప్పనా, ఆ క్షణాన నాకు దేవుడి మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ పిడికెడు మనుషులు ఆయన కోసం అన్నేళ్లు దాక్కున్నారు. చివరి ఒక్క మనిషికి ఆయన ఒక్క మాట మిగల్చలేకపోయాడు.

ఆ వేసవిలో ఒకరోజు డ్యూటీ దిగి కారెక్కి, అద్దాలన్నీ బిగించుకుని, పరలోక ప్రార్థన తెలుగులో గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాకు పక్షవాతం వస్తే నోటెంట ఏం వస్తుందో అప్పుడు తెలిసింది. రోజుకి వందసార్లు నవ్వుతూ అనే "హ్యావ్ ఎ నైస్ డే" వస్తుంది. నవ్వొచ్చి, తర్వాత ఏడుపొచ్చింది.

జులైలో ఆవిడ పోయింది. ఎండలు మండిపోతున్నాయి, తోటలో పూలు లేని కాలం, పూలు బయట కొనుక్కొచ్చారు. అంత్యక్రియలు మందిరంలో పెట్టారు. బయటికి చర్చిలాగే ఉంటుంది ఆ మందిరం, లోపల బెంచీలు, పాటల పుస్తకాలు. నేను లోపల కూర్చోలేదు. హాలు పక్కన వంటగది ఉంది, మధ్యలో జారుడు తలుపు. అక్కడ జపాను ఆడవాళ్లు టీ కాస్తూ, అన్నపు ఉండలు చుడుతూ, పచ్చరంగు జెల్లీ ముక్కలు కోస్తూ ఉన్నారు. నేను సాయానికి వచ్చాననుకుని నా చేతికి ఒక చాకు ఇచ్చారు. చాకు పక్కన పెట్టి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను.

అవతల గంట మోగింది. గురువు సూత్రాలు మొదలుపెట్టాడు. నిండైన గొంతు, తొందర లేదు. ఒక్కో మాటా వెళ్లి ఆవిడ మీద పడుతున్నట్టే నాకు అనిపించింది. నేను కళ్లు మూసుకున్నాను. పెదాలు కదపలేదు. లోపల వెతికాను. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టాను. మొదలుపెట్టగానే తెలిసిపోయింది, ఇది నాది, ఆవిడది కాదు. ఆ సూత్రాలకూ దీనికీ సంబంధం లేదు, ఇది ఆ మాటలను తుడవదు. ఆవిడ నన్ను ప్రార్థన చెయ్యమనలేదు, ఆ ప్రార్థన చెయ్యమంది. అది ఇప్పుడు భూమ్మీద నాకు తెలిసినంతలో ఎవరికీ రాదు. మధ్యలో ఆపేశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, సూత్రాలు మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మళ్లీ గంట మోగింది.

కాసేపటికి తలుపు జరిపి కొడుకు వంటగదిలోకి వచ్చాడు. నల్ల కోటులో చెమటలు కారుతున్నాయి. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నర్స్, మీరు వచ్చారా, థాంక్యూ. మీకో సంగతి చెప్పాలి. మా అమ్మ ఇంట్లో అందరితో పాటు కూర్చునేది గానీ, ఆమె మనసు ఎక్కడో ఉండేదని నాకు చిన్నప్పటి నుంచి అనుమానం. ఆమెకు నిజంగా నమ్మకం ఉందో లేదో నాకెప్పుడూ తెలియలేదు. అడగాలంటే భయం. ఈ ఆఖరి నెలల్లో, అన్ని మాటలూ పోయి, ఆ ఒక్క పేరే మిగిలింది చూశారా? ఇప్పుడు నాకు బెంగ లేదు. గురువుగారు కూడా అదే చెప్పారు లోపల." జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీరు రోజూ పక్కనే ఉన్నారు. మీరూ విన్నారు కదా?"

"విన్నాను," అన్నాను.